లైమ్ మందులు అయిపోయాక మిగిలిన జబ్బు: హైదరాబాద్ నుంచి ఒక కేస్ స్టడీ

పేషెంట్ 39 ఏళ్ల మహిళ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. నిజాంపేటలో భర్త, తొమ్మిదేళ్ల కూతురు, అత్తగారితో కలిసి ఉంటోంది. అంతకుముందు కొన్నేళ్లు అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలో ఉన్నారు. ఎంత పడుకున్నా తీరని అలసట, ఇవాళ భుజంలో ఉంటే రేపు మడమలోకి దిగే నొప్పులు, మాట్లాడుతూ ఉండగానే మాట తట్టకపోవడం. ఈ మూడూ చెప్పుకుంటూ నా క్లినిక్‌కి వచ్చింది. ఆమె అనుమతితో, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చి ఈ కేసు రాస్తున్నాను. రాయమని అడిగింది కూడా ఆమే.

రాయడానికి నాకూ ఒక కారణం ఉంది. హైదరాబాద్‌లో అమెరికా వెళ్లి వచ్చినవాళ్లు లేని అపార్ట్‌మెంట్ ఉండదు. అక్కడ పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధిని చూసిన డాక్టర్లు మాత్రం ఇక్కడ తక్కువ. దాంతో ఇలాంటి పేషెంట్‌కి రెండు చేదు అనుభవాల్లో ఒకటి తప్పడం లేదు: "మీకేం లేదు" అనిపించుకోవడం, లేదంటే నెలల తరబడి యాంటీబయాటిక్ డ్రిప్పులు ఎక్కించుకోవడం. ఈ రెండూ కాని దారి ఒకటుంది. అది నెమ్మదైన దారి.

ఫైల్‌లో ఉన్న కథ

జూన్ నెలలో ఒక వారాంతం అడవి దారుల్లో నడిచి వచ్చారు. పది రోజులకి మోకాలి వెనక ఎర్రటి మచ్చ. దురద లేదు, నొప్పి లేదు. రోజురోజుకీ పెరిగి అరచెయ్యంత అయింది. ఏదో పురుగు కుట్టి ఎలర్జీ వచ్చిందని చూపించుకున్నచోట పూత మందు ఇచ్చారు. కొన్ని వారాల్లో మచ్చ దానంతటదే పోయింది. ఆ మచ్చే లైమ్ వ్యాధికి మొదటి గుర్తు. సోకినవాళ్లలో సుమారు 70 నుంచి 80 శాతం మందికి అది కనిపిస్తుంది. ఫొటోల్లో చూపించే చుట్టూ వలయం, మధ్యలో చుక్క అందరికీ రావు. ఈమెకీ రాలేదు.

వ్యాధికి కారణం బొరేలియా బర్గ్‌డార్ఫెరీ అనే సూక్ష్మజీవి. ఈశాన్య అమెరికాలో దాన్ని మోసేది జింకల మీద బతికే ఒక జాతి పిడుదు. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. మోకాలి వెనకో, చంకలోనో, తలలోనో పట్టుకుని ఒకటి రెండు రోజులు రక్తం పీల్చినా తెలియదు. క్రిమి ఒంట్లోకి దిగాలంటే మామూలుగా అది ఒక రోజుకు మించి పట్టుకుని ఉండాలి. అందుకే తమకు పిడుదు పట్టిన సంగతే చాలామందికి గుర్తుండదు. ఈమెకీ గుర్తు లేదు.

ఐదు నెలల తర్వాత కుడి మోకాలు వాచింది. వాపు చాలా పెద్దది, నొప్పి అంత లేదు. లైమ్ కీళ్లవాపు తరచూ ఇలాగే ఉంటుంది. అక్కడ రక్తపరీక్ష చేశారు. క్రిమికి ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను వెతికే పరీక్షలివి: మొదట ఎలీసా, తర్వాత దాన్ని ఖాయం చేసే వెస్టర్న్ బ్లాట్. సోకి కొంతకాలమయ్యాక కనిపించే ఐజీజీ యాంటీబాడీల బ్లాట్‌లో పదింటిలో కనీసం ఐదు పట్టీలు కనిపిస్తే పాజిటివ్ అంటారు, ఈమెకు అంతకన్నా ఎక్కువే వచ్చాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడింది. వాపు పూర్తిగా తగ్గింది. అలసట మాత్రం పోలేదు. వాపు లాగేసిన కొద్దీ అలసట పైకి తేలింది అంటుంది ఆవిడ.

తర్వాత కంపెనీ బదిలీ మీద హైదరాబాద్ వచ్చేశారు. ఇక్కడ కీళ్లనొప్పులు అనగానే ముందు చికున్‌గున్యా గుర్తుకు రావడం సహజం, అందులో తప్పు లేదు. ఆ పరీక్ష నెగటివ్ వచ్చింది. థైరాయిడ్, రోగనిరోధక శక్తి ఎదురుతిరిగే కీళ్ల జబ్బుల కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎన్ఏ అన్నీ నార్మల్. ఒకచోట డి విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకొకచోట, ఫైల్ తెరవకుండానే, "టెన్షన్ తగ్గించుకోండమ్మా, కాస్త వాకింగ్ చేయండి" అన్నారు. ఆ మాట విన్నాక ఎనిమిది నెలలు ఆమె ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లలేదు. ఆ ఎనిమిది నెలలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

నేను చూసింది

మోకాలు మామూలుగా ఉంది, నీరు లేదు. నరాల పరీక్షలో తేడా లేదు. ముఖం వంకర పోవడం, పాదాల్లో స్పర్శ తగ్గడం, గుండె లయ తప్పడం, ఏవీ లేవు. ఈసీజీ మంచిదే. పది నిమిషాలు గోడకు ఆనించి నిలబెట్టి నాడి చూస్తే కొంచెం పెరిగింది గానీ హద్దు దాటలేదు. డిప్రెషన్ ప్రశ్నావళిలో తేలికపాటి స్కోరు వచ్చింది. ఇన్నాళ్లుగా జబ్బుపడి, ఎవరూ నమ్మని మనిషికి ఆపాటి దిగులు ఉండదా?

రక్తంలో మాత్రం చెప్పుకోవాల్సిన సంగతి దొరికింది. హిమోగ్లోబిన్ 10.4. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ 9. రెండూ తక్కువే. బి12 కూడా తక్కువ. ఆమె శాకాహారి, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. లైమ్ అన్న పేరు ఒకసారి ఫైల్ మీద పడ్డాక అలసటంతా దాని ఖాతాలోకే వెళ్లిపోయింది, ఐరన్ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇలాంటి పేషెంట్లను చూసే డాక్టర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: పెద్ద పేరున్న జబ్బు ఉన్నా చిన్న జబ్బులు రావడం మానవు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, షుగర్, క్షయ, ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టాకే మిగిలిందాని గురించి మాట్లాడాలి.

ఐరన్, బి12 ఇచ్చాం. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 12 దాటింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, జుట్టు రాలడం తగ్గింది. కానీ ఏ కాస్త ఎక్కువ పనిచేసినా మర్నాడు మంచం మీద నుంచి లేవలేకపోవడం అలాగే ఉంది. మాట తట్టకపోవడమూ అలాగే ఉంది. ఒకరోజు పొద్దున్నే టీమ్ కాల్‌లో, రోజూ వాడే టూల్ పేరే గుర్తురాక నెట్ పోయినట్టు నటించి కాల్ కట్ చేశానని చెప్పి ఏడ్చింది.

యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యాక కూడా అలసట, నొప్పులు, మతిమరుపు ఆరు నెలలకు మించి ఉండి, వేరే కారణం దొరకకపోతే దాన్ని పోస్ట్ ట్రీట్‌మెంట్ లైమ్ డిసీజ్ సిండ్రోమ్, పొట్టిగా పీటీఎల్‌డీఎస్, అంటారు. చికిత్స తీసుకున్నవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి ఇది మిగులుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంచనా. శాతం చిన్నదే. కానీ ఆ దేశంలో ఏటా సుమారు 4,76,000 మందికి లైమ్ అని నిర్ధారించి మందులిస్తున్నారన్నది అదే సంస్థ వేసిన లెక్క. అలా చూస్తే ఏడాదికి ఎన్ని వేల ఇళ్లలో ఇలాంటి మనిషి ఉంటుందో ఊహించుకోవచ్చు.

జనం దీన్ని క్రానిక్ లైమ్ అంటారు. లైమ్ సోకినట్టు ఆధారమే లేనివాళ్లకు కూడా అదే పేరు అంటగడుతుండటంతో చాలామంది డాక్టర్లు ఆ పేరు వినగానే ముఖం తిప్పుకుంటారు. ఈమె విషయంలో అనుమానానికి తావు లేదు. మచ్చ ఉంది, మోకాలి వాపు ఉంది, ఐజీజీ ఉంది, వ్యాధి ఉన్న ప్రాంతంలో బతికిన చరిత్ర ఉంది.

డ్రిప్పుల ప్రతిపాదన

మూడో విజిట్‌కి భర్త కూడా వచ్చారు. చేతిలో కొత్త రిపోర్టు. ఎవరో చెబితే మళ్లీ రక్తం పంపారట, సోకిన తొలి రోజుల్లో పుట్టే ఐజీఎం యాంటీబాడీ పాజిటివ్. విదేశంలో ఒక క్లినిక్ కొన్ని నెలల డ్రిప్పులు పెడతానంది. ఖర్చు ఒక చిన్న ఫ్లాట్ ధర. దానికోసం స్నేహితుల దగ్గర విరాళాలు అడగాలని విన్నపం కూడా రాసి పెట్టుకున్నారు. ఫోన్ తీసి నాకు చదివి వినిపించారు: "నా భార్య ఒంట్లో ఇంకా క్రిములు దాక్కుని ఉన్నాయి..."

ఐజీఎం సంగతి ముందు తేల్చాను. సోకిన మొదటి నెలలోనే దానికి విలువ. ఏళ్లు గడిచాక అది విడిగా పాజిటివ్ వస్తే పొరపాటు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఐజీజీ కూడా చికిత్స తర్వాత ఏళ్లపాటు అలాగే ఉండిపోతుంది, అది పాత యుద్ధానికి గుర్తే గానీ ఇప్పుడు యుద్ధం నడుస్తోందని చెప్పదు. క్రిమి పూర్తిగా పోయిందని తేల్చే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు. ఈ లోటు మీదే చాలా వ్యాపారాలు నడుస్తున్నాయి.

తర్వాత డ్రిప్పుల గురించి. దీని మీద అంచనాలు కాదు, పరీక్షలే ఉన్నాయి. 2001లో అమెరికాలో 129 మంది మీద ఒక ట్రయల్ అచ్చయింది. సగం మందికి నెల రోజులు సెఫ్ట్రియాక్సోన్ డ్రిప్పు, ఆపైన 60 రోజులు డాక్సీసైక్లిన్. మిగతావాళ్లకు మందు లేని డ్రిప్పు, మందు లేని మాత్రలు. రెండు గుంపుల మధ్యా తేడా లేదు. 2003లో వచ్చిన ఇంకో ట్రయల్‌లో అలసట కొందరికి కాస్త తగ్గింది, ఆలోచనలో మందకొడితనం మాత్రం మారలేదు. సూది గొట్టం వల్ల ఇబ్బందులొచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్లు కూడా ఉన్నారు. 2016లో నెదర్లాండ్స్‌లో 280 మంది మీద మరో 12 వారాలు యాంటీబయాటిక్స్ సాగదీసి చూశారు. అదనపు లాభం కనిపించలేదు. నెలల తరబడి మెయిన్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టి ఉంచితే ఏమవుతుందో సీడీసీ 2017లో రాసింది: రక్తంలోకి ఇన్ఫెక్షన్, సెప్టిక్ షాక్, మరణం కూడా.

ఆమె అంతా విని, "అయితే నాకేం లేదంటారా మేడమ్?" అంది.

"ఉందమ్మా. నీకు జబ్బు ఉంది. దానికి మందే ఇంకా లేదు. లేని మందు కోసం ఉన్న ఆరోగ్యం పణంగా పెట్టొద్దంటున్నాను."

భర్తకి కోపం వచ్చింది. "చేయగలిగింది ఉండి కూడా చేయలేదని రేపు బాధపడతాం కదండీ" అన్నారు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేదు. ఆ రోజు ఇంక ఏమీ తేల్చుకోవద్దని, ఆ ట్రయల్స్ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి ఇద్దరూ చదవమని ఇచ్చాను. రెండు వారాల తర్వాత వచ్చి డ్రిప్పులు వద్దనుకున్నామన్నారు. నమ్మించడానికి నేను చేసిందల్లా వాళ్లు అడిగినంతసేపూ కూర్చోవడమే. మన ఓపీల్లో అన్నిటికన్నా కరువైంది ఆ సమయమే.

ఇంట్లో, ఆఫీసులో

నొప్పికీ నిద్రకీ రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టాం. నిద్ర మెరుగైంది, నొప్పులు కొంత తగ్గాయి. మందుల కథ ఇంతే. అసలు మార్పు రోజు గడిపే తీరులో వచ్చింది.

మూడు వారాలు ఒక నోట్‌బుక్‌లో గంటగంటకీ ఏం చేసిందో, మర్నాడు ఎలా ఉందో రాయించాను. చూస్తే ఒక తీరు బయటపడింది. బాగున్న రోజున వారం పనీ ఒక్క పూటలో చేసేస్తోంది. బట్టలు మడతపెట్టడం, అలమార సర్దడం, పిల్లకి మ్యాథ్స్, సాయంత్రం కూకట్‌పల్లి రైతు బజార్. తర్వాత మూడు రోజులు పడక. శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున లేచి తొమ్మిది రకాలు వండిన వారం నోట్‌బుక్‌లో ఐదు రోజులు ఖాళీ. ఆ ఖాళీ పేజీలు అత్తగారికి చూపించాను.

అత్తగారు అప్పటిదాకా నోరు విప్పలేదు. "చూడ్డానికి బాగానే ఉంటుంది గదా డాక్టరమ్మా, అందుకే మాకు తెలీలేదు" అన్నారు. ఆ మర్నాటి నుంచి వంటింట్లో గట్టు పక్కన ఎత్తు స్టూల్ వచ్చింది. దోసెలు కూర్చునే పోస్తోంది. పిండి రుబ్బడం మానేసి బయట ప్యాకెట్ కొంటున్నారు, ఆ పెద్దావిడ ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. పిల్లను స్కూల్ బస్ ఎక్కించడం తండ్రి పని అయింది. అలసిపోయాక పడుకోవడం కాదు, అలసట రాకముందే పడుకోవాలని నియమం పెట్టాను: పదకొండింటికి ఇరవై నిమిషాలు, మూడింటికి ఇరవై నిమిషాలు, ఫోన్ లేకుండా. బాగున్న రోజున కూడా అంతే. ఆ "కూడా" ఒంటబట్టడానికే ఎక్కువ కాలం పట్టింది.

నడక మానొద్దన్నాను, పెంచొద్దు కూడా అన్నాను. అపార్ట్‌మెంట్ లోపలే రెండు చుట్లు. రెండు వారాలు మర్నాటి నొప్పి లేకుండా గడిస్తేనే మూడోది. ఫిజియోథెరపిస్ట్‌కి నేనే ఫోన్ చేసి, "ఓర్చుకోండి, తగ్గిపోతుంది" అనొద్దని చెప్పాను.

ఆఫీసుకి రాసిన లెటర్ గురించి విడిగా చెప్పాలి. మామూలుగా డాక్టర్లం "విశ్రాంతి అవసరం" అని రాసి సంతకం పెడతాం. హెచ్‌ఆర్‌కి దాంతో ఏం చేయాలో తెలియదు. ఈసారి ఏమేం కావాలో విడివిడిగా రాశాను: వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పని, ఆఫీసుకి వచ్చే రోజు ట్రాఫిక్ తగ్గాక పదకొండు తర్వాత రాక, మీటింగ్ ముందే రాతలో ఎజెండా, కాల్‌లో చెప్పిన పని మళ్లీ మెయిల్‌లో. మొదట నిజాంపేట నుంచి గచ్చిబౌలికి కార్లో గంటన్నర కూర్చోవడమే ఆమె రోజంతటి ఓపికనీ తినేసేది. కంపెనీ ఒప్పుకుంది. జీతం తగ్గించుకుని కొన్నాళ్లు సగం పనే చేసింది.

విరాళాల దారి మళ్లింది

భర్త రాసిన ఆ విన్నపం ఎక్కడా పెట్టలేదు. కానీ ఆమె దాన్ని పారేయలేదు. కొన్ని నెలల తర్వాత తెచ్చి, "దీన్ని నా వైద్యానికి కాకుండా పరిశోధనకి మార్చి రాస్తాను, తప్పులుంటే దిద్దండి" అంది. నా మటుకు నాకు ఈ కేసులో అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఆ కాగితం దిద్దడమే.

దిద్దింది రెండే చోట్ల. "క్రిములు దాక్కుని ఉన్నాయి" అన్నది తీసేయించాను. జంతువుల్లో అలాంటి ఆనవాళ్లు కనిపించిన మాట నిజమే. మనుషుల్లో లక్షణాలకు అదే కారణమని తేలలేదు. చచ్చిన క్రిమి గోడ ముక్కలు కీళ్లలో మిగిలిపోయి రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతున్నాయని ఒక వాదన ఉంది. లైమ్ కీళ్లవాపు ఉన్నవాళ్ల కీళ్లనీటిలో అలాంటి గోడ పదార్థం, పెప్టిడోగ్లైకాన్, దొరికిందని 2019లో ప్రచురించారు. నాడీవ్యవస్థలోనే మార్పు వచ్చిందన్నది మరో వాదన. ఇవన్నీ తెరిచి ఉన్న ప్రశ్నలని రాయమన్నాను. రెండోది, "నయం కావడానికి సాయం చేయండి" అన్న వాక్యం. ఈ డబ్బుతో ఆమెకు నయమవుతుందన్న ఆశ ఎవరికీ కల్పించకూడదు. తనంతట తనే కొట్టేసి, "నాకు పనికిరాకపోయినా సరే" అని రాసుకుంది.

ఎవరికి ఇవ్వాలి? కనెటికట్‌లో తనతో పనిచేసినవాళ్లలో చాలామందికి లైమ్ అంటే చెప్పక్కర్లేదు. 1970లలో పిల్లలకు అంతుబట్టని కీళ్లవాపులు వస్తుంటే తల్లులు పట్టుబట్టి అడగడం వల్ల వ్యాధి బయటపడిన లైమ్ పట్టణం ఆ రాష్ట్రంలోనిదే. కారణమైన క్రిమిని విల్లీ బర్గ్‌డార్ఫర్ 1980ల మొదట్లో గుర్తించారు. జాన్స్ హాప్కిన్స్, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో ఈ వ్యాధికే ప్రత్యేక పరిశోధన కేంద్రాలున్నాయి. అమెరికాలో ఉన్న స్నేహితుల్ని నేరుగా విశ్వవిద్యాలయానికే ఇవ్వమంది. అలా ఇస్తే అక్కడ పన్ను మినహాయింపు ఉంటుంది, చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి. రూపాయి కూడా తన అకౌంట్‌లోకి రానివ్వలేదు. ఎంత పోగైందో ఇక్కడ రాయొద్దంది, రాయను.

హైదరాబాద్ నుంచి ఇస్తామన్న బంధువుల దగ్గర మాత్రం డబ్బు అడగలేదు. విదేశీ సంస్థకు పంపాలంటే బ్యాంకులో ఆర్‌బీఐ నిబంధనల కింద ఫారం నింపి పంపాలి, 80జీ కింద పన్ను మినహాయింపు రాదు. వాళ్లను వేరే అడిగింది: ఆదివారం క్లబ్‌హౌస్‌కి వచ్చి వినండి, అంతే.

ఆ సమావేశానికి నేనూ వెళ్లాను. కుర్చీలో కూర్చుని పావుగంట మాట్లాడింది. దోమ మలేరియాని మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో తేల్చింది మన బేగంపేటలోనేనని, పురుగు కాటు జబ్బుల మీద పరిశోధన ఈ ఊరికి కొత్త కాదని గుర్తుచేసింది. తర్వాత లోపలి గదిలో పడుకుంది. తర్వాతి రెండు రోజులకూ సెలవు ముందే పెట్టుకుంది. ఆమె పడుకున్నాక లేచి మాట్లాడినవాళ్లు నాకు ఎక్కువ గుర్తున్నారు. చికున్‌గున్యా తర్వాత రెండేళ్లుగా పొద్దున్నే పిడికిలి ముడవలేకపోతున్న ఒక టీచరు. కొవిడ్ తర్వాత బ్యాంకు ఉద్యోగం మానేసిన ఒకాయన. "మాది లైమ్ కాదు గానీ మీరు చెప్పింది మొత్తం మాదే" అన్నారు. ఇన్ఫెక్షన్ పోయాక మిగిలే ఈ జబ్బుల్ని ఒకే కుటుంబంగా చూడాలని 2025లో అమెరికా నేషనల్ అకాడమీస్ నివేదికలో కూడా ఉంది. కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా లక్షణాలు తగ్గించే చికిత్సల్ని పరీక్షించాలని ఆ నివేదిక అడిగింది. లైమ్ మీద పెట్టే రూపాయి లైమ్ దగ్గరే ఆగదని ఆ క్లబ్‌హౌస్‌లోనే నాకు బాగా అర్థమైంది.

అక్కడ ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ కూడా రాస్తాను. ఏది నిజమైన పరిశోధన అని ఎలా తెలుస్తుంది? మన దేశంలో జరిగే ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (ట్రయల్స్‌ని నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) నమోదై ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. మందు కోసం పేషెంట్ దగ్గరే లక్షలు తీసుకుని దానికి పరిశోధన అని పేరు పెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు

ఏడాదికి పైగా చూస్తున్నాను. నయం కాలేదు. పడక పట్టే రోజులు నెలకు పదీ పన్నెండు నుంచి మూడు నాలుగుకు తగ్గాయి. పూర్తి జీతం ఉద్యోగంలోకి తిరిగి వెళ్లింది, ఇంటి నుంచే. మాట తట్టకపోవడం తగ్గింది గానీ పోలేదు. అలాంటప్పుడు కాల్ కట్ చేయడం లేదు, "ఒక్క నిమిషం, గుర్తొస్తుంది" అంటోందట. ఈ మెరుగుదలలో ఐరన్ వాటా ఎంత, నిద్ర వాటా ఎంత, విశ్రాంతి వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్నది ఒక్క కేసుతో విడదీయలేం.

పోయిన విజిట్‌లో కొత్త ప్రశ్న తెచ్చింది. వేసవి సెలవుల్లో న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ఇంటికి పిల్లతో వెళ్లాలి, వెళ్లొచ్చా? వెళ్లొచ్చన్నాను. ఒకసారి వచ్చింది కదా మళ్లీ రాదనుకోవద్దు, లైమ్ మళ్లీ సోకుతుంది. ప్రస్తుతానికి మనుషులకు టీకా అందుబాటులో లేదు. 1998లో వచ్చినదాన్ని 2002లో కంపెనీ వెనక్కి తీసుకుంది. కాగితం మీద ఇవి రాసిచ్చాను: గడ్డిలోకి, చెట్లలోకి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచు సాక్సులోకి దోపుకోవాలి. బట్టలకు పిడుదుల్ని చంపే పెర్మెత్రిన్ మందు, ఒంటికి వాటిని దూరంగా ఉంచే డీట్ ఉన్న లోషన్. ఇంటికి రాగానే స్నానం, బట్టలు నేరుగా డ్రయ్యర్‌లోకి. పిల్లకి మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో, బొడ్డు దగ్గర వేళ్లతో తడిమి చూడాలి. పిడుదు కనిపిస్తే సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. అది ఒకటిన్నర రోజుకు మించి పట్టుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు అక్కడి డాక్టర్‌ని కలిసి ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అవసరమా అని అడగాలి. పెద్దవాళ్లకది 200 మిల్లీగ్రాములు, పిల్లలకి బరువును బట్టి. మచ్చ కనిపిస్తే ఫొటో తీసి, పక్కన నాణెం పెట్టి, ఆ రోజే చూపించుకోవాలి.

కాగితం రెండు కాపీలు అడిగింది, ఒకటి వదినకి.